పల్లపేట ఖాళీ

మాది పల్లపేట. నేను అక్కడి గోరింకని. నాకు నోరెక్కువని అందరూ అంటారు, కాదనను. కానీ మా పేట పరువు నిలబెట్టింది నా నోరు కాదు, చుక్కమేక నోరు. అందుకే ఈ కథ ఎక్కడ వాలితే అక్కడ చెబుతుంటాను.

మా అడవి మధ్యలో ఒక వాగుంది. అవతలి ఒడ్డున ఏనుగు దొర ఉంటాడు, గురువారం సంత జరిగేదీ అక్కడే. ఇవతల ఎగువన మిట్టపేట, దిగువన మేము. వానాకాలం వస్తే ఆ వాగు దాటడమంటే ప్రాణాలతో చెలగాటమే. కిందటేడు చుక్కమేక పాలముంతలతో దాటుతుంటే వెనకాలే వస్తున్న పెద్దపిల్ల కొట్టుకుపోయింది. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. అది ఇంకా పాలు మానలేదు, తల్లి ఎటు పోతే అటు వస్తుంది.

ఈ ఏడు దొర వాగు మీద దుంగ వేయిస్తానన్నాడు.

"దుంగ ఒక్కటే ఉంది. ఏ పేటలో ఎక్కువ పనులు జరుగుతున్నాయో ఆ పేట రేవులో వేయిస్తా. ఇన్నాళ్లూ అడవి మొత్తానికి కలిపి ఒకే లెక్క రాయించాం. అందులో ఏ మూల ఏం జరుగుతోందో ఎవడికి తెలిసింది? ఈసారి పేట పేటకీ విడివిడిగా రావాలి" అన్నాడు.

లెక్క రాయడానికి తాబేలు తాత తాటాకులు పట్టుకుని బయల్దేరాడు. ముందు మా పేటకే వచ్చాడు.

మా పేటలో ఒక అలవాటుంది. ఎవరి పని గురించి వాళ్లు చెప్పుకోరు. చెప్పుకుంటే దిష్టి తగులుతుందని మా పెద్దల భయం.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు తాత.

"పనా? ఏముంది తాతా, ఇంట్లోనే ఉంటా" అంది చుక్కమేక. దాని ముందు రెండు ముంతల్లో పాలు నురగలు పొంగుతున్నాయి.

తాత 'ఖాళీ' అని రాసుకున్నాడు.

గిజిగాడు తలకిందులుగా వేలాడుతూ గూడు అల్లుతున్నాడు. "ఏదో, పొద్దుపోక" అన్నాడు. ఖాళీ. తేనెటీగల పెద్దమ్మ "పూల చుట్టూ తిరుగుతుంటాం, అంతే నాయనా" అంది. అదీ ఖాళీయే. నన్ను అడిగితే "అరుస్తాను" అని ఉన్నమాట చెప్పాను. నాదీ రాయలేదు.

మిట్టపేట పెద్ద నక్క. దుంగ తన రేవులో పడితే అడవిలోని కోళ్లన్నీ తన గుమ్మం ముందు నుంచే నడవాలి, అదీ వాడి ఆశ. రెండు రోజులు కూర్చుని బెరడు ముక్కల మీద బొగ్గుతో తేనెపట్టు, పాలముంత, గూడు బొమ్మలు గీశాడు. పాడుబడిన ప్రతి బొరియకీ ఒక బోర్డు తగిలించాడు.

"రండి తాతా! మా పేటంతా దుకాణాలే. లోపలికొచ్చి చూస్తారా?"

"నా డిప్ప పట్టదులే నాయనా. బోర్డు ఉందిగా, అదే రాస్తాను."

మంగళవారం లెక్క చదివారు. మిట్టపేట ముప్పై ఒకటి. పల్లపేట సున్నా. శుక్రవారం దుంగ నక్క రేవులో వేస్తారు.

సున్నా అని విన్నప్పుడు సిగ్గుతో నా రెక్కలు ముడుచుకుపోయాయి. గిజిగాడు ఎగిరెగిరి పడ్డాడు. "పదండి, దొర దగ్గరికెళ్లి లెక్క తప్పని చెబుదాం!"

"తప్పేముందిరా? మనం చెప్పిందే రాశాడు" అంది చుక్కమేక. పిల్లని ఒకసారి నాకి, వాగు వైపు చూసింది. "మనం ఖాళీ అని దొర తాటాకు మీద ఉంది. ఈ గురువారం ఆ మాట నిలబెడదాం. ఎవరూ పనిలో చెయ్యి పెట్టొద్దు."

గురువారం మా పేటంతా ఖాళీగా కూర్చుంది. అబ్బో, అంత కష్టమైన పని నేనెప్పుడూ చూడలేదు! పాలు పితక్కపోవడంతో చుక్కమేకకి పొదుగు సలుపుతోంది. గిజిగాడు ముక్కు ఊరుకోక తన ఈకలే ముడేసుకున్నాడు. నేను మాత్రం సంతకెళ్లి చింతకొమ్మ మీద కూర్చున్నాను, చూడాలి కదా!

సంతలో పాలు లేవు, తేనె లేదు, గూళ్లు లేవు. ముళ్లపంది ఉత్త ముంత పట్టుకుని తిరుగుతోంది.

"నా తేనె ఏది?" అన్నాడు దొర.

తాత తాటాకు విప్పాడు. "తేనె దుకాణాలు మిట్టపేటలో నాలుగున్నాయి దొరా."

"అయితే పదండి" అని దొర తాతనీ ముళ్లపందినీ వెంటబెట్టుకుని వాగు దాటాడు. నేనూ వెనకే ఎగిరాను.

నక్క ఎదురొచ్చి దండం పెట్టాడు. "ఇవాళ సెలవు దొరా!"

"ముప్పై ఒక్కటికీనా?" అని దొర తేనె బోర్డున్న బొరియలో తొండం పెట్టి ఊదాడు. లోపల్నుంచి దుమ్ము కొట్టుకున్న తొండ ఒకటి తుమ్ముకుంటూ వచ్చింది. పాల బోర్డు వెనక ఎండుటాకులు.

"పైన పటారం, లోన లొటారం" అంది ముళ్లపంది.

నక్క మిగతా బోర్డులకి అడ్డం నిలబడ్డాడు. "అది కాదు దొరా, సరుకు పల్లపేట నుంచి రావాలి. వాళ్లివాళ పని మానేశారు, నేనేం చెయ్యను?"

అన్నాక గానీ ఏమన్నాడో వాడికి తెలియలేదు.

"ఓహో! మరి పని ఎక్కడ జరుగుతున్నట్టు?" అని దొర మా పేట దారి పట్టాడు.

తాత మళ్లీ మొదటి గుమ్మం దగ్గరే ఆగాడు. "ఏం పని చేస్తావమ్మా?"

చుక్కమేక నిటారుగా నిలబడింది. "నాది పాడి తాతా. పూటకి రెండు ముంతలు. వాగులో నా పిల్ల పోయిన మర్నాడు కూడా ఆ వాగే దాటి పాలు తెచ్చాను. రాసుకోండి."

తాత 'ఖాళీ' కొట్టేసి 'పాడి' అని రాశాడు. "నేను బోర్డులు చూశాను గానీ ముంతలు చూడలేదమ్మా" అన్నాడు.

ఇక మా వాళ్లు ఆగితే కదా! "గూళ్లు అల్లుతాను!" "తేనె పడతాం!" "నార తీస్తాను!" దిష్టి గిష్టి అందరూ మర్చిపోయారు. మొత్తం నలభై మూడు. మా పేట ఇంత పెద్దదని ఆ రోజే తెలిసింది, నా గుండె పొంగిపోయింది.

శుక్రవారం దుంగ మా రేవులో పడింది. మొదట దాటింది చుక్కమేక, వెనకే టకటకా దాని పిల్ల. దాని కాలికి చుక్క తడి అంటలేదు.

కాసేపటికి నక్క తల వంచుకుని అదే దుంగ ఎక్కడానికి వచ్చాడు.

"ఏం పని మీద బావా?" అని పలకరించింది చుక్కమేక.

"ఏముంది, ఊరికే" అన్నాడు నక్క.

తన పని తాను చెప్పుకోకపోతే, బోర్డు పెట్టినవాడే పనిమంతుడవుతాడు.