కయ్యలో పలికిన పలుకు

నిరంజనయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. భుజం మీది తువ్వాలు తీసి, మడత మార్చి మళ్ళీ వేసుకుని, "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం కొందరికి మర్నాటికే తేలేది, కొందరికి ఏళ్ళు పట్టేది. విసుగెత్తి వేరే గురువును వెతుక్కుంటూ పోయేవాళ్ళూ ఉండేవారు. వాళ్ళకి ఆయన దారిలో తినడానికి ఇంత పులిహోర కట్టించి మరీ పంపేవారు.

వామనరావు విసిగే రకం కాదు. రేవు పట్నంలో ఓడ సరుకుల గోదాముకి పెద్ద గుమాస్తా. ఏ మూట ఎక్కడుండాలో అక్కడుంటేనే అతనికి నిద్ర పట్టేది. అతను అయ్యవారిని అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎప్పుడూ అదే. "అయ్యవారూ, మంత్రానికి బలం ఎక్కణ్ణుంచి వస్తుందండీ? అక్షరాల్లో ఉంటుందా, ఇచ్చిన గురువులో ఉంటుందా?"

ఊరికే పుట్టిన ప్రశ్న కాదది. వెనకొకసారి ఎవరో స్వామి పట్నానికి వస్తే, హాలు నిండా కూర్చున్న జనంతోపాటు అతనూ ఒక మంత్రం తీసుకున్నాడు. మైకులో చెప్పారు, అందరూ అన్నారు, అతనూ అన్నాడు. తరవాత భార్య ఆస్పత్రిలో పడ్డప్పుడు ఆ మంత్రాన్నే పట్టుకుని వరండాలో కూర్చుంటే, ఊక నమిలినట్టు ఉందట. ఆవిడ కోలుకుని ఇంటికొచ్చింది, నవ్వుతూ తిరుగుతోంది. కానీ ఆ ఊక రుచి మాత్రం అతని నోట్లోంచి పోలేదు. పదిమంది చెవుల్లో పడ్డం వల్లే దానికి బలం పోయిందని అతను తేల్చుకున్నాడు. మళ్ళీ అలాంటి గడియ వస్తే, పట్టుకోవడానికి గట్టిదొకటి కావాలి. మూడో చెవి సోకనిది కావాలి.

అందుకని, ఒకరోజు అయ్యవారు తువ్వాలు మడత మార్చకుండానే, "సరే, ఇస్తాను. వినే చోటు నువ్వే చూడు" అన్నప్పుడు వామనరావు చాలా ఆలోచించాడు. ఇంట్లో గోడవతల అద్దెవాళ్ళున్నారు. గుళ్ళో జనం. తోటలో మాలి. చివరికి అతని చూపు నీళ్ళ మీద పడింది. ఆ పట్నానికి తూర్పున, సముద్రానికీ ఊరికీ మధ్య ఇసుక తిన్నె అడ్డుపడి, ఉప్పునీళ్ళు మైళ్ళ పొడుగున నిలిచి ఉంటాయి. దాన్ని కయ్య అంటారు. సాయంత్రాలు షికారు పడవలు జనాన్ని ఎక్కించుకుని ఇసుక తిన్నె దాకా తీసుకెళ్ళి, సూర్యాస్తమయం చూపించి తీసుకొస్తాయి. కావాలంటే పడవ మొత్తం మనమే మాట్లాడుకోవచ్చు. వామనరావు అలాగే మాట్లాడాడు. తిరుగు దారిలో, సూర్యుడు పట్నం వెనక చెట్ల తలల్ని తాకే క్షణాన, నీళ్ళ నడుమ ఉపదేశం. పంచాంగం చూపిస్తే ఆ గడియ కూడా దివ్యంగా ఉందన్నారు. అది దాటితే మళ్ళీ అంత మంచిది దగ్గర్లో లేదన్నారు.

పడవ నడిపేవాడు ఎల్లాజీ, నల్లటి పొడుగాటి మనిషి, నోరు ఊరుకోదు. వెళ్ళేటప్పుడంతా ఆ మడ చెట్లేమిటో, ఈ కొంగలెక్కడివో చెబుతూనే ఉన్నాడు. అయ్యవారు ముందు పలక మీద కూర్చుని చిన్నపిల్లాడిలా నీళ్ళలోకి చెయ్యి జార్చుకున్నారు. ఆయన కళ్ళకి శుక్లాలు, దూరం ఆనదు. ఎల్లాజీ చెప్పిందానికల్లా "అలాగా, అలాగా" అంటూ మురిసిపోయారు.

దారిలో ఒకచోట, ఎక్కణ్ణుంచో ఒక ఆడగొంతు సన్నగా సాగదీసి కేకేసింది. ఎల్లాజీ మాట మధ్యలో ఆపి, "ఓ" అని గట్టిగా పలికి, పడవని పక్కకి తిప్పాడు. కేక ఆగిపోయింది. కాస్త దూరంలో చిన్న నావలో ఒక మనిషి, ఆ పక్కనే పీకల్లోతు నీళ్ళలో ఇంకో మనిషి కనిపించారు. అదేమిటని వామనరావు అడిగాడు. ఈ కయ్యలో నీళ్ళ కింద వలగుంజలుంటాయని, ఒకరు నీళ్ళలో దిగి కాళ్ళతో తడివి వాటిని వెతుకుతారని, నావలో ఉన్నవాళ్ళు పడవ చప్పుడు వినబడితే కేక వేస్తారని ఎల్లాజీ చెప్పాడు. "మనం పలికామంటే చూశామన్నట్టండి. ఆపైన నీళ్ళలోనోడు అడుగు కదపడు. బొమ్మలా నిలబడిపోతాడు. మనమే సుట్టూ తిరిగెళ్ళాల. ఇద్దరూ కదిలితే ఎటు కదిలేదీ ఎవుడికి తెల్సుద్ది సెప్పండి?" అన్నాడు. వామనరావు తలాడించాడు గానీ, అతని మనసులో నిలిచింది ఒక్కటే. పలికితే కేక ఆగిపోతుంది.

ఇసుక తిన్నె దగ్గర పడవ వెనక్కి తిరిగింది. అప్పుడు వామనరావు సంచీలోంచి నూనెలో తడిపిన దూది తీశాడు. ఎల్లాజీ ఆ దూది వైపు, అతని వైపు మార్చి మార్చి చూశాడు. సంగతి విన్నాక పగలబడి నవ్వాడు.

"సెవుల్లో దూదెట్టి తలకి గుడ్డ కట్టేస్తే, నన్ను బాలింతరాల్ని సేసేసినట్టేనండీ బాబూ. ఇంక కాయం తినిపించడం ఒక్కటే తక్కువ."

చీకటి పడేవేళ చెవులే సగం కళ్ళని కూడా అన్నాడు, కాస్త నసిగాడు. కొద్దిసేపేనని వామనరావు బతిమాలాడు. పోనీ ఇంజను ఆపి నిలబెట్టమంటే, ఆటు మొదలైందనీ, నీళ్ళు తీసేస్తున్నాయనీ, ఆగితే బురదలో కూర్చుంటామనీ ఎల్లాజీ చెప్పాడు. సరే, ఇంజను చప్పుడు కూడా ఒక తెరే అనుకున్నాడు వామనరావు. తన చేతుల్తోనే రెండు చెవుల్లోనూ దూది కూరి, పైన తువ్వాలు బిగించాడు. ఎల్లాజీ వెనక చుక్కాని దగ్గర కూర్చుని, పెదాలు కూడా చూడనన్నట్టు కళ్ళు చిట్లించి సూర్యుడి కేసి తిరిగాడు.

పడవ పడమటికి సాగింది. ఎదురుగా సూర్యుడు, కింద నీళ్ళ మీద ఇంకో సూర్యుడు. ముందంతా కరిగిన రాగి పోసినట్టు ఉంది, అందులో ఏదీ ఆనడం లేదు. వామనరావు అయ్యవారి పక్కకి జరిగి, కుడిచెవి ఆయన నోటి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. అయ్యవారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఊపిరి వెచ్చగా చెవికి తగిలింది.

సరిగ్గా అప్పుడు కేక వచ్చింది.

సన్నటి ఆడగొంతు, ముందునుంచే, ఆ వెలుగులోంచే. అయ్యవారు ఆగారు. వామనరావు పళ్ళు బిగించాడు. మళ్ళీ కేక, ఈసారి దగ్గరగా, కాస్త గాభరాగా. కన్ను తెరిచి చూస్తే సూర్యుడు చెట్లకి వేలెడు ఎత్తున ఉన్నాడు. ఇన్నేళ్ళు ఆగిన గడియ, ఇక్కడికొచ్చి ఒక కేకకి జారిపోతోంది. మూడోసారి ఆ గొంతు లేచేసరికి అతను తల తిప్పి, దిక్కయినా చూడకుండా, "ఓ" అన్నాడు. ఎల్లాజీ ఎలా అన్నాడో అలాగే, గట్టిగా.

కేక తెగ్గోసినట్టు ఆగిపోయింది.

హమ్మయ్య అనుకుని వామనరావు మళ్ళీ చెవి అప్పగించాడు. ఇప్పుడు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను కోరుకున్న నిశ్శబ్దం అదే. కానీ చూడండి, ఆ నిశ్శబ్దమే అతని వీపు మీద చల్లటి చెయ్యి వేసింది. ఆవిడ ఎందుకు ఊరుకుంది? ఎవరో చూశారని కదా ఊరుకుంది. ఎవరు చూశారు? పడవ ఇంకా తిన్నగా పోతూనే ఉంది. అతను కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి చూశాడు. రాగి వెలుగులో, పడవ మొనకి సూటిగా, నల్లగా ఒక కుండ తేలుతున్నట్టుంది. వల తాలూకు తేలే కుండేమో అనుకోబోయాడు. కుండలు అలకి ఊగుతాయి. ఇది ఊగడం లేదు. బొమ్మలా నిలబడి ఉంది.

"ఎల్లాజీ" అని అరిచాడు వామనరావు. తన చేతుల్తో కూరిన దూది తన అరుపునే మింగేసింది. లేచి వెనక్కి పరుగెత్తాడు. పడవ నడుమ పందిరి గుంజలు, కూర్చునే పలకలు, వాటి కింద తాళ్ళు. కాలు తట్టుకుని బోర్లా పడ్డాడు, లేచాడు, చేతులు ఊపాడు, గొంతు చించుకున్నాడు. ఎల్లాజీ ఇటు చూశాడు. మంత్రం తీసుకున్న మనిషి కళ్ళు పెద్దవి చేసుకుని, వణుకుతూ, పడుతూ లేస్తూ తన వైపు వస్తున్నాడు. దేవుడు పూనాడనుకున్నాడు పాపం. మొహమంతా భక్తి చేసుకుని, చుక్కాని వదిలేసి, రెండు చేతులూ జోడించాడు.

వామనరావు ఇంకేం చెప్పలేదు. ఉన్నపళంగా ఆ చుక్కాని కర్ర మీద తన ఒళ్ళంతా పడేశాడు. కర్ర రొమ్ములో గుద్దుకుంది. పడవ ఒక పక్కకి వాలిపోయి, గిర్రున తిరిగి, ఏదో కర్రని విరుచుకుంటూ పోయి, బురదలోకి ముక్కు గుచ్చి ఆగింది. ఎల్లాజీకి అప్పుడర్థమైంది. ఇంజను నోరు నొక్కి, చెవుల్లో దూది పీకి నీళ్ళలోకి విసిరాడు. ముందు పలక మీద అయ్యవారు గుంజని కావలించుకుని కూర్చుండిపోయారు.

పడవ వెనక, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆ తల ఉంది. పడవ లేపిన అల దాని మీంచి పోయింది. మనిషి ఉప్పునీళ్ళు ఉమ్మి, కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడ్డాడు. అతని పేరు సింగన్న. నావలో ఉన్నది అతని భార్య పైడమ్మ. పలికి కూడా నెత్తి మీదకి తోలుకొస్తారా, కళ్ళు ఎవరికి అమ్ముకున్నారని ఎల్లాజీని దులిపేసింది. ఎల్లాజీ తలకున్న తువ్వాలు విప్పుకుంటూ తను పలకనేలేదన్నాడు. పలకలేదంటే ఇంకా తిట్టింది. చెవులారా విన్నానంది, తను వింటేనే కదా మొగుడికి ఉండమని చెప్పానంది.

"కదలాల్సింది గదరా" అన్నాడు ఎల్లాజీ సింగన్నతో, ఏడుపు గొంతుతో. "అంత దగ్గరకొచ్చాక కూడా కదలవేటి?"

"పలికారు కదేటి మరి" అన్నాడు సింగన్న. ఆ సంగతి కూడా వీడికి చెప్పాలా అన్నట్టు అన్నాడు.

వామనరావు చుక్కాని కర్రని ఇంకా కావలించుకునే ఉన్నాడు. "పలికింది నేనమ్మా" అన్నాడు చివరికి. కేక ఆగుతుందని పలికానన్నాడు. ఆ మాట బయటికొచ్చాక అతనికే వినడానికి అసహ్యం వేసింది.

పైడమ్మ అతని పంచె, నుదుట గంధం, రొమ్ము మీద కమిలిన చోటూ చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"తిప్పలేనోరు పలక్కూడదు బాబూ" అంది, అంతే. మొగుడి చెయ్యి పట్టుకుని నావలోకి లాగింది.

పోటు తిరిగేదాకా ఉండనక్కరలేకుండా, సింగన్నే మళ్ళీ నీళ్ళలోకి దిగి, ఎల్లాజీతో కలిసి పడవని బురదలోంచి తోశాడు. వామనరావు కూడా పంచె ఎగ్గట్టి దిగాడు. మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఆ తోపులాటలో సూర్యుడు ఎప్పుడు చెట్ల వెనక్కి పోయాడో ఎవరూ చూడలేదు. పంచాంగంలోని గడియ తన దారిన తను పోయింది. మిగిలిన దారిలో ఇంకో రెండుచోట్ల కేకలొచ్చాయి. ఎల్లాజీ పలికి తిప్పాడు. పలికిన ప్రతిసారీ వామనరావు ఉలిక్కిపడి, పడవ మొన ఎటు తిరుగుతోందో, అది పూర్తిగా తిరిగేదాకా రెప్పవేయకుండా చూశాడు.

రేవులో దిగేసరికి పట్నంలో దీపాలు పెట్టేశారు. అయ్యవారు వామనరావు భుజం ఊతగా పట్టుకుని మెట్లెక్కారు. పై మెట్టు మీద వామనరావు ఆగిపోయాడు. మంచి గడియ పోగొట్టుకున్నానన్నాడు. తనలాంటి వాడికి మంత్రం ఇచ్చినా దండగేనన్నాడు. ఇంకెప్పుడూ అడగనని కూడా అన్నాడు, పిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు.

అయ్యవారు భుజం మీది తువ్వాలు తీశారు. ఉప్పునీళ్ళకి తడిసి ముద్దయిపోయింది. దాన్ని పిండి, దులిపి, మడత మార్చి వేసుకున్నారు. చూద్దాం అంటారనుకున్నాడు వామనరావు. ఆయన అలా అనలేదు.

"ఆ సింగన్న, అంత పడవ మీదకొస్తుంటే, దేన్ని పట్టుకుని నిలబడ్డాడు నాయనా?"

వామనరావు తల వంచుకుని, తన పలుకునేనన్నాడు.

"ఎన్ని అక్షరాలు పలికావు?"

"ఒక్కటేనండి."

"చాల్లేదూ?" అన్నారు అయ్యవారు. అని, మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటూ, అతని భుజం మీద బరువంతా వేసి నడిచారు.