వాలును నమ్ముకున్న రాజుగారి కారు

అబద్ధమనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి, దారికి అడ్డం రాను. కూర్చున్నవాళ్లు చెవులు దులుపుకుని వినండి.

అనగనగా కొండల నడుమ ఏటవాలుపురం. దాన్నేలే విక్రమకేతు మహారాజుకు ఏనుగంత కారుండేది. అది మొరాయిస్తే తోసే ఉద్యోగం నాది. నేనొక్క తోపు తోస్తే మూడు కొండలు దాటి ఆగేది!

కొన్నాళ్లకు దాని బ్యాటరీ ముసలిదైంది. ముసలితనం చెప్పకుండా రాదు కదా, మూడు కబుర్లు పంపింది.

సింహంలా గర్జించే హారను ఒకనాడు జలుబు చేసిన మేకపిల్లలా అరిచింది.

"ఏవండీ, బ్యాటరీ మార్పించండి" అంది రాణి మందారమాల.

"చలికి అలా ఉంది దేవీ. నాలుగు ఎండలు కాస్తే అదే కోలుకుంటుంది."

తర్వాత దీపాలు మసకబారాయి. మిణుగురులు తమ చుట్టాలనుకుని వచ్చి వాలాయి.

"ఇప్పుడైనా మార్పించండి."

"వెన్నెలుండగా దీపాలెందుకు దేవీ?"

మూడోసారి తాళం తిప్పితే కారు మూలిగి, మూలిగి, ఎప్పటికో అందుకుంది.

"పూర్తిగా చచ్చాక మారుస్తారా?" అంది రాణి.

"మనది కొండరాజ్యం! వాలులో వదిలితే చాలు, కారు తానే అందుకుంటుంది" అన్నాడు రాజు.

ఆనాటి నుంచి తాళం తిప్పి స్టార్టు చేయడమే మానేశాడు. హారను బదులు నన్ను ముందు పరుగెత్తి అరవమన్నాడు. కారు ఎక్కడ ఆపినా వాలుండాలని కోటంతా ఏటవాలుగా కట్టించాడు. సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ మంత్రి జారి గుమ్మం దగ్గర తేలేవాడు. విస్తట్లో పులుసు పక్కవాడి విస్తట్లోకి పోయేది. పక్కవాడికి సంతోషమే!

ఇలా ఉండగా రాజుగారి ఒక్కగానొక్క పాపను పాము కాటేసింది. మందేమో మైదానం అవతలి ఆసుపత్రిలో ఉంది. రాజు, రాణి ముందు కూర్చుని పాపను వెనక నా ఒళ్లో పెట్టారు. కారు వాలులో దిగి, అందుకుని, గాలిలా దూసుకుపోయింది.

మైదానం నడిమధ్యన మేకలమంద అడ్డొచ్చింది. కంగారులో రాజు బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగిపోయింది. చుట్టూ చూస్తే నేలంతా అప్పడంలా చదును!

"ఒరేయ్ గంటయ్యా, తొయ్యరా!" అని ఏడ్చాడు రాజు.

"ఒంటిచేత్తో సముద్రం దాకా తోసేవాణ్ణి మహారాజా! రెండు చేతుల్లోనూ పాప ఉందే!"

పాప పెదవులు నల్లబడుతున్నాయి.

"తాళం తిప్పండి" అంది రాణి.

"చచ్చిన బ్యాటరీకి తాళమెందుకు దేవీ?"

"తిప్పమంటున్నానా!"

తిప్పాడు. కారు ఒక్క ఉరుము ఉరిమింది! ఆ దెబ్బకు మేకలు పక్కరాజ్యంలో పడ్డాయి.

వేళకు మందు పడింది. పాప కళ్లు తెరిచి, "నాన్నగారూ, మేకలేవీ?" అంది.

రాజు కారును కౌగిలించుకున్నాడు. "నా ముసలి బ్యాటరీకి ఎంత విశ్వాసం!"

"ఆ విశ్వాసం ఆర్నెల్లుగా గొడ్లసావిడి తలుపుకు ఆనించి ఉంది" అంది రాణి. "మూడో కబురు వినగానే కొత్తది పెట్టించాను. మీరు తాళం తిప్పితే కదా తెలిసేది!"

మర్నాడే రాజు కోటను చదును చేయించాడు. మంత్రి జారడం మానేశాడు.

పిల్లలూ, పాతది మూలిగినప్పుడే వినాలి. అది ఆగేదాకా చూసేవాడి ప్రయాణం దాంతోనే ఆగుతుంది.

ఇంకా నమ్మరా? ఆ మేకల వెంట పక్కరాజ్యం దాకా పరుగెత్తిన కాపరిని అడగండి. పేరు కోనప్ప.