విద్వాంసుడి వెనక చోటు

కరువు కాలంలో నేతగాడు మాచయ్య తన తంబురాను జమీందారుకు అమ్ముకున్నాడు. ఆయన దాన్ని గోడకు తగిలించాడు. అక్కడ దాన్ని ముట్టింది దుమ్మొక్కటే. ఒక్కసారి మీటుకుంటానని మాచయ్య ఎంత బతిమాలినా, "కొన్నది నేను. నేను తప్ప ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు" అనేవాడు.

ఒకనాడు జమీందారు పెద్ద విద్వాంసుడి కచేరీ పెట్టించి, మాచయ్యను పిలిచి అందులో తన తంబురానే మోగాలన్నాడు.

"అలాగే దొరా," అన్నాడు మాచయ్య. "మరి తమరే విద్వాంసుడి వెనక కూచుని, పాట అయ్యేదాకా మీటాలి. ఊరంతా చూస్తుంది."

జమీందారు ముఖం మాడిపోయింది. "నువ్వే కూచుని ఏడువు!"

ఆ సాయంత్రం మంద్రపు తీగ మోగగానే మాచయ్య కళ్లు మూసుకున్నాడు.

కచేరీ ముగిశాక, "కూలి ఎంత?" అన్నాడు జమీందారు.

మాచయ్య తంబురాను నెమ్మదిగా గోడకు తగిలించాడు. "కూలి వద్దు దొరా. మళ్లీ కచేరీ ఎప్పుడో చెప్పండి."