వేలు చూపిన పిందెలు

ఓబులేసు గుమ్మడి తీగకి పిందె నిలవడం లేదు.

తీగలో లోపం ఏమీ లేదు. చలి వెనక్కి తగ్గగానే గురువు సిద్ధయ్య ఇంటి పెరట్లో ఓబులేసే గింజలు పెట్టాడు. ఉగాది దగ్గర పడేసరికి తీగ గడ్డి కొట్టం ఎక్కి కప్పంతా పరుచుకుంది. ఒక్కో ఆకు చేటంత ఉంది. కింద బెండ, గోరుచిక్కుడు, ఒక వరస వంకాయ. అవి వాటి పాటికి అవి కాస్తున్నాయి. వాటిని అతను పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ప్రాణమంతా గుమ్మడి మీదే. వైశాఖంలో గురుపూజకి వచ్చేవాళ్ళందరికీ తన తీగ కాయతోనే కూర చేయాలని కోరిక. ఎవరూ అడక్కుండానే నలుగురికీ ఆ మాట చెప్పేశాడు కూడా.

ఆ చేనేత వీధికి సిద్ధయ్య గురువు. మఠం లేదు, కాషాయం లేదు. పగలంతా మగ్గం నేస్తాడు. సాయంత్రం నలుగురు చేరి తత్వాలు పాడుకుంటుంటే గోడకి ఆనుకుని వింటాడు. అందరూ అయ్య అంటారు. ఓబులేసు ఆయన దగ్గర శిష్యుడిగా చేరి ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. అయ్య కూతురు మల్లేశ్వరి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది.

పక్కిల్లు నారమ్మవ్వది. వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్ళు పోసేది ఆమే. ఆమెకి వేరే ఎవరూ లేరు. పొద్దున లేస్తే ఒక బిడ్డ దగ్గర నుంచి ఇంకో బిడ్డ దగ్గరికి పోతుంది. ఎవరింట్లో నీళ్ళు పోస్తే ఆ ఇంట్లోనే ఇంత తింటుంది. ఆమె చేతులకి ఎప్పుడూ ఆముదం వాసన.

ఒకరోజు అవ్వ మల్లేశ్వరి బిడ్డకి నీళ్ళు పోసి, చేతులు తుడుచుకుంటూ తల ఎత్తితే కొట్టం మీద మొదటి పిందె కనపడింది. నిమ్మకాయంత ఉంది.

"ఒరే ఓబులేసూ, అదో చూడు, ఎంత ముద్దుగా ఉందో" అని వేలు పెట్టి చూపించింది.

గుమ్మడి పిందెని వేలు పెట్టి చూపకూడదని ఆ వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చూపాల్సి వస్తే వేలు మడిచి చూపాలి. అవ్వకీ తెలుసు. ఆ సంతోషంలో మరిచిపోయింది.

రెండు రోజులకి పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది.

వీధి కొళాయి దగ్గర ఓబులేసు అన్నది ఒక్క మాటే. అవ్వ వేలు చూపింది, పిందె రాలింది. అబద్ధం ఏమీ కాదు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ మాట బిందెలతో పాటు ఇళ్ళకి పోయింది. పిందెకే అట్లయితే పసిబిడ్డల గతేమని ఎవరో అన్నారు. ఎవరన్నారో తర్వాత అడిగితే ఎవరికీ గుర్తు లేదు. చివరింటి కోడలు, బిడ్డకి జలుబు చేసింది, తగ్గినాక కబురు పెడతామని చెప్పించింది. ఆ కబురు రాలేదు. ఇంకో ఇంట్లో, అత్తే పోసుకుంటుందిలే అన్నారు. ఆఖరికి మల్లేశ్వరి కూడా అవ్వ వచ్చే వేళకి బిడ్డని నిద్రపుచ్చి తలుపు దగ్గరగా వేసింది. అవ్వ పెరట్లో కాసేపు నిలబడింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి లేవు. వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

ఓబులేసుకి ఇవేవీ ఎక్కలేదు. అతని దిగులంతా మిగిలిన పిందెల గురించి. పాత చీరలు చింపి, పువ్వు విచ్చుకోకముందే ఒక్కో పిందెకీ ముసుగు కట్టాడు. పెరటి చుట్టూ ఇంకో వరస ముళ్ళకంప వేశాడు. పొద్దున్నే నిచ్చెన ఎక్కి, ఒక్కో గుడ్డా ఎత్తి చూసి, మళ్ళీ కట్టేవాడు. అయినా రాలుతూనే ఉన్నాయి.

చివరికి అయ్య దగ్గరికి పోయాడు. అవ్వ దిష్టి ఇంకా వదల్లేదని, కంప దాటి మరీ వస్తోందని, ఏదన్నా విరుగుడు ఉంటే చెప్పమని అడిగాడు.

అయ్య పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె ఆపి మగ్గం గుంటలోంచి లేచాడు. పిందెలు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. ఇద్దరూ పెరట్లోకి వచ్చారు. ఓబులేసు వేలు మడిచి, ముసుగులు కట్టిన చోట్లన్నీ చూపించాడు.

అయ్య నిచ్చెన రెండు మెట్లు ఎక్కి, దగ్గరలో ఉన్న గుడ్డ ఎత్తాడు. చూపుడువేలు తిన్నగా చాచి పిందెకి గురిపెట్టాడు.

"ఇది ఒకటి" అన్నాడు.

ఓబులేసు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, అయ్యా, వద్దు."

అయ్య రెండో చెయ్యి చాచి తక్కినవాటిని చూపించాడు. ఒక్కటి కూడా వదల్లేదు. ఆకుల చాటున ఉన్నవాటిని ఆకు పక్కకి తప్పించి మరీ చూపించాడు. తర్వాత నిచ్చెన దిగి మళ్ళీ మగ్గం దగ్గరికి పోయాడు. గడపలో బిడ్డని ఎత్తుకుని నిలబడిన మల్లేశ్వరి ఇదంతా చూసింది.

ఓబులేసు ముసుగులన్నీ ఇంకా గట్టిగా బిగించి కట్టాడు. లాభం లేకపోయింది. ఆ వారం తిరక్కుండానే అన్నీ రాలిపోయాయి. చేటలో ఏరుకుని తెచ్చి అయ్య ముందు పెట్టాడు. ఏడుపు ఒక్కటే తక్కువ.

అయ్య చేటలోకి చూశాడు.

"నేను వేలు చూపినాను. రాలిపోయినాయి. పోయి కొళాయి దగ్గర చెప్పిరా."

"ఆ మాట ఎట్లా చెప్పేది అయ్యా?"

"అవ్వ మాట ఎట్లా చెప్పినావో అట్లనే."

కొళాయి దగ్గర మనుషులు బాగానే ఉన్నారు. ఓబులేసు బిందె కింద పెట్టి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. అయ్య వేలు చూపినాడు, పిందెలు రాలినాయి.

అందరూ నవ్వారు. అయ్య వేలు చూపిస్తే రాలుతాయా, నీళ్ళు ఎక్కువ పోసి వేరు కుళ్ళబెట్టి ఉంటావు అని ఒకామె అంది. పువ్వుకి ముసుగేస్తే తేనెటీగ ఎక్కడ వాలాలి అని ఇంకొకాయన అన్నాడు. రోజూ గుడ్డ ఎత్తి ఎత్తి చూస్తుంటే సిగ్గుతో రాలిపోయి ఉంటాయని మరొకామె అనేసరికి నవ్వులు ఇంకా ఎక్కువయ్యాయి. ఎరువు ఎక్కువైందన్నారు, నీడ ఎక్కువైందన్నారు. అయ్య వేలు మాట ఒక్కరు కూడా ఎత్తలేదు.

ఓబులేసు బిందె నిండేదాకా ఊరుకున్నాడు. ఎత్తుకోబోతూ, "అవ్వ చూపించిన రోజు కూడా ఇన్ని నీళ్ళే పోసినాను" అన్నాడు.

నవ్వుతున్నవాళ్ళు ఎవరి బిందెలు వాళ్ళు సర్దుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి అయ్య నేస్తూనే ఉన్నాడు.

"ఏమన్నారు?"

"నవ్వినారు అయ్యా."

"అవ్వ సంగతి చెప్పిన రోజు?"

ఓబులేసు బిందె దించాడు. "ఆ రోజు ఎవరూ నవ్వలేదు."

అయ్య మళ్ళీ నాడె విసిరాడు.

ఆ పూటే ఓబులేసు గుడ్డలన్నీ విప్పేశాడు. రెండో వరస కంప పీకి అవతల పారేశాడు. తర్వాత బిడ్డలున్న ఇళ్ళకి పోయాడు. తన మాట తప్పని, అవ్వని పిలవమని ప్రతి గడపలో నిలబడి చెప్పాడు. చివరింటి కోడలు పిలిచింది. రెండో ఇంటి అత్త, చూద్దాంలే అంది.

మల్లేశ్వరి మాత్రం ఒప్పుకోలేదు.

"ఆ మాట చెప్పిందీ నువ్వే, ఈ మాట చెప్పేదీ నువ్వే" అంది. "నీకేమిరా, ఎన్నైనా చెప్తావు. బిడ్డ నాది."

అతను అయ్య దగ్గరికి పోయి, మీరు ఒక్క మాట చెబితే అక్క వింటుందని బతిమాలాడు.

"ఆ భయం నేను పెట్టింది కాదు" అన్నాడు అయ్య. "నేనెట్లా తీసేది?"

రోజూ పొద్దున మల్లేశ్వరే నీళ్ళు పోసేది. ఆమెకి అలవాటు లేదు. సబ్బు కళ్ళలో పడేది, తడిచేతుల్లోంచి బిడ్డ జారేది. ఆ ఏడుపు గోడ అవతలికి కూడా వినిపించేది. అవతల అరుగు మీద నారమ్మవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉండేది. ఓబులేసు నీళ్ళ కోసం పోతూ వస్తూ చూసేవాడు. ఆమె ఇటు చూసేది కాదు.

తీగకి కొత్తగా పూలు వచ్చాయి. పొద్దున్నే పసుపుపచ్చగా విచ్చుకునేవి. తేనెటీగలు వాలుతున్నాయి. వాటిలో ఒక్క పిందె నిలబడేలా కనపడింది. కోడిగుడ్డంత అయింది. గురుపూజ నాటికి ముదరాలంటే ఇదే నిలవాలి. ఇంకోదానికి వ్యవధి లేదు.

మర్నాడు పొద్దున ఓబులేసు అవ్వ అరుగు దగ్గరికి పోయాడు. పెరట్లోకి రమ్మని పిలిచాడు.

"ఎందుకురా? ఇంకా రాల్చేవి ఏమన్నా మిగిలినాయా?"

"ఒకటి ఉంది అవ్వా."

అవ్వ మొహం పక్కకి తిప్పుకుంది. అతను అరుగు కింద కూర్చున్నాడు. ఎండ అరుగు ఎక్కేదాకా కూర్చునే ఉన్నాడు. తప్పు చేసినానని ఒకసారి అన్నాడు. రెండోసారి అనబోతే, చాల్లే ఊరుకో అంది. కాసేపటికి తనే లేచి నడిచింది. గోడ ఇవతలికి వచ్చాక రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

మల్లేశ్వరి బిడ్డకి బట్టలు విప్పుతోంది. అవ్వని చూసి బిడ్డని భుజం మీద వేసుకుని గడపలోకి జరిగింది. మగ్గం చప్పుడు ఆగింది. అయ్య వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు.

ఓబులేసు నిచ్చెన ఎక్కి, ఆకులు తప్పించి పిందె కనపడేలా పట్టుకున్నాడు.

"చూపించు అవ్వా. వేలు పెట్టే చూపించు."

అవ్వ పిందెని చూసింది. గడపలో బిడ్డని చూసింది. చేతులు కొంగులోంచి తీయలేదు.

"రాలితే?" అన్నాడు అయ్య వెనక నుంచి.

ఓబులేసు నిచ్చెన మీద నుంచే జవాబు చెప్పాడు.

"నీళ్ళు సరిగ్గా పోయలేదంటాను అయ్యా."



అవ్వ కొంగులోంచి చెయ్యి తీసింది. ఆ ముడతల వేలు తిన్నగా చాచి పిందెని చూపించింది. చాలాసేపు అట్లాగే చూపిస్తూ నిలబడింది.

మల్లేశ్వరి గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. ఓబులేసు ఆకులు వదిలేసి, నిచ్చెన దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. అవ్వ కూడా గోడ వైపు తిరిగింది.

లోపల గిన్నె చప్పుడైంది. మల్లేశ్వరి ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో ఆముదం గిన్నెని పట్టుకుని వచ్చింది. గిన్నె తెచ్చి నీళ్ళ బండ పక్కన పెట్టింది.

నారమ్మవ్వ చీర మోకాళ్ళ దాకా సర్దుకుని, బండ మీద కూర్చుని కాళ్ళు చాపింది.