భద్ర దాచుకున్న మాటలు

అనగనగా ఒక ఊళ్ళో, కోడి కూత కంటే ముందు మగ్గాల చప్పుడే వినపడే ఒక ఊళ్ళో, భద్రావతి అని ఒకావిడ ఉండేది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక అందరూ భద్ర అనేవాళ్ళు. మొగుడు మార్కండేయులు మగ్గం నేసేవాడు. భద్ర రాట్నం ముందు కూర్చుని ఆయనకి కావలసిన నూలు కండెలు చుట్టేది. అత్తగారి పేరు పేరమ్మ. ఆవిడేం చేసేదంటావా? అరిచేది. నవ్వకు చిట్టీ, అదీ పనే.

భద్రకి మాటలంటే మహా ఇష్టం. రాట్నం తిరిగినంతసేపూ నోరూ తిరిగేది. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ మాటలన్నీ లోపలున్న బిడ్డకే చెప్పుకుంది. ఇవాళ ఎర్ర నూలు వచ్చిందనీ, మీ నాన్న మజ్జిగలో ఉప్పు వేసుకోవడం మర్చిపోయి నా మీద సణిగాడనీ, మీ నాయనమ్మ కాకితో పోట్లాడి ఓడిపోయిందనీ. ఐదో నెలలో ఆ బిడ్డ నిలవలేదు.

అప్పుడు భద్ర కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మళ్ళీ కడుపు పండింది. ఈసారి భయపడుతూ మాటలు తగ్గించి, ఒక్క పాట మాత్రం సన్నగా పాడేది. ఆరో నెలలో ఆ బిడ్డా నిలవలేదు.

అప్పుడు భద్ర ఏడవలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది. అన్నం పెడితే తింది, పెట్టకపోతే అడగలేదు.

మూడోసారి నెల తప్పగానే పేరమ్మ కోడలి పక్కన చేరి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. పేరమ్మ గొంతు తగ్గించిందంటే ఎంత పెద్ద మాటో నువ్వే చూసుకో.

“అమ్మాయ్, నీ దిష్టే వాళ్ళకి తగిలింది. ఈసారి బిడ్డతో మాట్లాడకు. పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యకు. లోపల ఎవరూ లేనట్టే ఉండు.”

పేరమ్మ చెడ్డది కాదమ్మా. పోయిన ఇద్దరూ ఆవిడ మనవలే కదా. ఇంకొకరిని పోగొట్టుకునే గుండె ఆవిడకీ లేదు.

అప్పుడు భద్ర నోరు మూసేసింది. ఎవరితో మాట్లాడినా లోపలికి వినపడుతుందేమోనని అందరితోనూ మానేసింది. ఔనంటే తల పైకీ కిందకీ, కాదంటే పక్కకీ. వంకాయలు ఎన్ని కావాలని కూరలావిడ అడిగితే వేళ్ళు చూపించేది. ఇల్లు మరీ బోసిపోయేసరికి కోడలి వాటా కూడా పేరమ్మే అరవడం మొదలుపెట్టింది. ఆరేసిన నూలు మీద వాలిన కాకిని తిట్టేది. నూలుకి పెట్టే గంజి పల్చగా కాచాడని కొడుకుని తిట్టేది. ఎండని తిట్టి, ఎండ పోతే మబ్బుని తిట్టేది.

లోపలున్న బిడ్డ ఊరుకుంటుందా? ఐదో నెలలో ఒకసారి తట్టింది. భద్ర రాట్నం ఇంకా జోరుగా తిప్పింది, తెలియనట్టు.

ఏడో నెలలో వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి భద్ర రెండు చేతులకీ గాజులు తొడిగారు. గాజులు గలగలమనగానే లోపల బిడ్డ గెంతింది. దానికి ఒక్క మాట చెప్పవే, నీ సొమ్మేం పోతుంది అని అందరూ మేలమాడారు. భద్ర పెదాలు బిగించి, గాజులు చప్పుడు కాకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

తొమ్మిదో నెలలో బిడ్డ కాలు చాపింది. పొట్ట పక్కన చిన్న మడమ, ఉసిరికాయంత, పైకి పొడుచుకొచ్చింది. భద్ర చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళిపోయింది. ఆ చేతిని వెనక్కి లాక్కుని, తొడ కింద పెట్టి, దాని మీద కూర్చుంది. తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చుంది.

ఆ తర్వాత నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. బతికిందిలే, భయపడకు. బతికి, ఊరు అదిరేలా ఏడ్చింది.

భద్ర బిడ్డని గుండెలకి హత్తుకుంది. ఏడుపు ఆగలేదు. చీర ఉయ్యాలలో వేసి ఊపింది. ఆగలేదు. అప్పుడు, తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి, నోరు తెరిచి అమ్మలూ అని పిలిచింది. వాడని గొంతు కదా, తుప్పు పట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. బిడ్డ ఎవరో పరాయి మనిషిని విన్నట్టు బెదిరిపోయి, ముఖం కందగడ్డలా చేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి పేరమ్మ, గంజి మళ్ళీ మాడబెట్టావురా వెధవా అని కొడుకు మీద కేకేసింది.

బిడ్డ టక్కున ఊరుకుంది.

ఊరుకోవడమే కాదు, కళ్ళు ఇంతింత చేసుకుని కేక వచ్చిన వైపు తల తిప్పింది. మార్కండేయులు పడీ పడీ నవ్వాడు. ఆ కేకకి ఏడ్చినవాళ్ళని చూశాను గానీ ఏడుపు మానినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. పేరమ్మ మురిసిపోయి, ఉయ్యాల దగ్గరికొచ్చి మరీ ఇంకో నాలుగు తిట్లు తిట్టింది. బిడ్డ చెవులు రిక్కించి విన్నది.

భద్ర మాత్రం నవ్వలేదు. బిడ్డని ఎత్తుకొచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

“నేనెవరో దీనికి తెలియదత్తయ్యా. మీరే పెంచుకోండి.”

పేరమ్మ ముఖంలో మురిపెం చప్పున ఆరిపోయింది. తను ఆ రోజు చెప్పిన మాట ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడు తెలిసిందావిడకి. బిడ్డని తిరిగి కోడలి చేతుల్లో పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత పలకలేదు.

మొదటి రోజు బిడ్డ ఏడ్చింది. పాలు తాగినంతసేపు ఊరుకునేది, తాగి మళ్ళీ మొదలుపెట్టేది. రెండో రోజూ అంతే. పేరమ్మ గొంతు వినపడకపోయేసరికి ఆవిడకేమైనా అయిందేమోనని వీధి వీధంతా వచ్చి తొంగి చూసింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నూలు మీద కాకి వాలినా అదిలించలేదు. కొంగు తడిసిపోయింది. మూడో రోజూ బిడ్డ ఏడుస్తూనే ఉంది.

భద్రకి ఒంట్లో సత్తువ పోయింది, ఆశా పోయింది. బిడ్డకి ఏదైనా చెబుదామని చూసింది. ముద్దు మాటలన్నీ ముందొచ్చిన ఇద్దరికీ ఇచ్చేసింది, అవి వాళ్ళతోనే వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక్కటే, ఎవరికీ చెప్పుకోనిది. దాన్నే చెప్పింది.

“నీకు ముందు ఇద్దరున్నారే. వాళ్ళ ముఖాలు నేను చూడనే లేదు. నువ్వూ వెళ్ళిపోతావని, వెళ్ళిపోయేదానితో మాటలెందుకని, పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. నువ్వేమో ఉండిపోయావు. నేనే నీకు లేకుండా పోయాను.”

చెబుతూనే ఏడ్చేసింది. తల్లి ఏడుపేదో బిడ్డ ఏడుపేదో వినేవాళ్ళకి తెలియలేదు.

అప్పుడు బిడ్డ ఆగింది. ఎంతసేపనుకున్నావు? మగ్గం మీద నూలు లాక్కెళ్ళే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకి దూకేంతసేపు. ఆగి, వింది. మళ్ళీ ఏడుపు అందుకుంది.

అంతే. ఆ కాస్త సందులోకి భద్ర ఇంకో మాట తోసింది. మర్నాడు ఆ సందులో రెండు మాటలు పట్టాయి. ఆ మర్నాడు మళ్ళీ ఒకటే పట్టింది. భద్ర ఊరుకోలేదు. గొంతు బొంగురుపోతున్నా చెబుతూనే ఉంది.

ఏడుపు ఎప్పుడు మానిందంటావా? అది నాకు కథ చెప్పినవాళ్ళూ చెప్పలేదమ్మా.

కథ వెళ్ళింది కంచికి,
మనం వచ్చాం ఇంటికి,
మాట చేరాలి చంటికి,
కునుకు రానీ కంటికి.