నక్క మెచ్చిన ఇల్లు

మిరపచేను గట్టున, ఎవరో వదిలేసిన పాత గాదెలో చుక్కమ్మ అనే కోడిపెట్ట కాపురముండేది. దానికి ఆరుగురు పిల్లలు. ఇల్లు సింగారించడమంటే మహా పిచ్చి. ఊళ్లో ఎవరేం పారేసినా ముక్కుతో లాక్కొచ్చేది. గుమ్మానికి ఒంటి చెప్పు వేలాడదీసింది. గోడకి ఒక అద్దం లేని కళ్లజోడు, పక్కన మోగని సైకిల్ గంట. ఈమధ్యే ఒక చెక్క ఎలుకబోను కూడా తెచ్చింది.

"ఇది ఇల్లా, పాతసామాన్ల కొట్టా?" అని పక్క పాకలోని గేదె ఒకటే నవ్వు.

"నా ఇల్లు, నా ముచ్చట పెద్దమ్మా!"

"ముచ్చట సరేలే. ఆ బోను లోపలి పుల్ల కదిలిందంటే తలుపు టప్పున పడుతుంది. పిల్లలకి అందనివ్వకు."

చుక్కమ్మ బోనుని పైగూట్లో పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే నక్క వచ్చింది.

"చెల్లెమ్మా! నీ ఇంటి అందం గురించి ఊరూరా చెప్పుకుంటున్నారు. ఒక్కసారి చూసి పోతాను, తలుపు తియ్యి."

ఇన్నాళ్లకి ఒకరు మెచ్చుకున్నారు! పాపం, చుక్కమ్మకి ఒళ్లు తెలియలేదు. గబగబా గడియ తీసేసింది.

"గుమ్మానికి కట్టింది ఎలా ఉందన్నయ్యా?"

"ఆహా! ఎంత బాగా వెలుగుతోందో!"

చెప్పు వెలగడమేమిటి? చుక్కమ్మ తల తిప్పి చూసింది. నక్క చూపంతా పిల్లల మీదే ఉంది. అరిస్తే ఒక్క గంతులో పిల్లలు దాని నోట్లో ఉంటారు. చుక్కమ్మ ఏమీ ఎరగనట్టు ముక్కుతో పైకి చూపించింది.

"అసలు వస్తువు పైగూట్లో ఉందన్నయ్యా. అదేమిటో చెప్పుకో చూద్దాం."

నక్కకి తెలియదు. తెలియదంటే పరువు తక్కువ. "ఆమాత్రం తెలియదా! నగలపెట్టె. మా ఇంట్లో ఇలాంటివి రెండున్నాయి."

"అయితే నీ చేత్తోనే లోపలి గాజులు తియ్యి. పిల్లలకి తొడుగుదాం."

నక్క చెయ్యి పెట్టింది. టప్!

కుయ్యో మొర్రో అంటూ బోనుతో సహా ముళ్లకంచె దూకి పారిపోయింది. చుక్కమ్మ ఆరుగుర్నీ రెక్కల కింద పొదువుకుని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత, "అయ్యో, నా బోను!" అంది.

మర్నాడు గేదె అడిగింది. "గుమ్మానికి ఏమిటే ఆ కుచ్చు?"

"కంచెకి చిక్కిన నక్కతోక వెంట్రుకలు పెద్దమ్మా. ఇంటికి దిష్టి తగలకుండా కట్టాను."

ఈసారి గేదె ఎగతాళి చెయ్యలేదు.

ఇల్లు బాగుందన్నవాడి మాటలు వినేముందు, వాడి చూపు ఎక్కడుందో చూసుకోవాలి.