దాలయ్య అరచెయ్యి

కొండ ముందు పుట్టింది, దారి తరవాత పుట్టింది. దారి పుట్టిన కొత్తలో, అది ఏ ఏడో చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, పులిగెడ్డ ఘాటీ కింద ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆ షెడ్డులో ఒక మొగుడూ పెళ్లామూ ఉండేవారు. మొగుడు దాలయ్య. పెళ్లాం ముత్యాలు.

ఘాటీకి ఇరవై ఒక్క మలుపులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. పిట్టగోడ అన్నది లేదు. స్టీరింగ్ మాట వినని బండి పైకి వెళ్లిందంటే, కిందికి దాని కబురే వచ్చేది.

ఆ రోజుల్లో కొత్త కార్లు ఎవరికున్నాయి? అన్నీ పాతవే. స్టీరింగ్ బెత్తెడు తిప్పితేగాని ముందు చక్రాలు కదిలేవి కావు. డ్రైవర్లు వచ్చి, "దాలయ్యా, స్టీరింగ్ వదులైంది. బాక్సు మీద స్క్రూ కాస్త బిగించెయ్, పోతాం" అనేవారు.

దాలయ్య బిగించేవాడు కాదు. "రోగమెక్కడో చూడకుండా మందెయ్యను బాబూ. బాక్సు బిగిస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తది. ముందు చూడనీ" అనేవాడు.

అతను చూసేది కళ్లతో కాదు. ఇంజను ఆపించి బండి కిందికి వెల్లకిలా దూరేవాడు. పైన సీట్లో ముత్యాలు కూర్చునేది. ఆమెకి బండి నడపడం రాదు. స్టీరింగ్ తిప్పడం మాత్రం వచ్చు.

"ఇటు కొంచెం, ముత్యాలూ." తిప్పేది.

"అటు కొంచెం, ముత్యాలూ." తిప్పేది.

స్టీరింగ్ నించి చక్రాలదాకా ఆరు కీళ్లు. ఒక్కో కీలు మీదా దాలయ్య అరచెయ్యి మూతలా వేసేవాడు. మంచి కీలైతే రెండు ముక్కలూ ఒక్కసారే కదిలేవి. అరిగిన కీలైతే ఒకటి ముందు, ఒకటి వెనక. అరచేతికి టక్కుమని తగిలేది. "ఇది కాదు," అనేవాడు. "ఇదీ కాదు," అనేవాడు. ఆఖరికి, "ఇదే!" అనేవాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో అదే సందడి.

ఒక వానాకాలం దాలయ్యకి జ్వరం వచ్చింది. మొదటి రోజు అన్నం మానేశాడు. రెండో రోజు మాట మానేశాడు. మూడో రోజు కుడి అరచెయ్యి తెరిచి, దేనికో ఆనించాలన్నట్టు గాల్లో పెట్టాడు. ముత్యాలు తన చెయ్యి ఇచ్చింది. అలాగే పోయాడు.

ముత్యాలు షెడ్డు మూసేసింది. ఎవరొచ్చినా, "లేడు బాబూ" అని మాత్రం చెప్పేది. అతని పనిముట్లు ముట్టుకోలేదు.

నెల దాటింది. ఒకనాడు పట్టపగలే మబ్బు కొండ దిగి వచ్చి షెడ్డు ముందు కూర్చుంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ఆ మబ్బులోంచి ఒక నల్ల కారు వచ్చి ఆగింది. నడిపేవాడు సన్నిబాబు. వెనక సీట్లో ఎస్తేరు నర్సమ్మ.

"అమ్మా, దాలయ్య లేడా? స్టీరింగ్ బెత్తెడు వదులుంది."

"లేడు బాబూ. పోయాడు."

సన్నిబాబు తల పట్టుకున్నాడు. నర్సమ్మ అంది, "పైన ఒక పిల్ల నిన్నటినుంచీ నొప్పులు పడతా ఉంది తల్లీ. బిడ్డ అడ్డం తిరిగాడు. ఆగడానికి లేదు."

"పోనీ, బాక్సు స్క్రూ నేనే బిగించుకుని పోతాను," అన్నాడు సన్నిబాబు.

"వద్దు బాబూ!" అంది ముత్యాలు. ఆమె కాళ్లు అలవాటు కొద్దీ కారు దగ్గరికి నడిచాయి. సీట్లో కూర్చుంది. స్టీరింగ్ మీద చేతులేసింది.

"ఇటు కొంచెం, ముత్యాలూ."

గొంతు కారు కిందనుంచి వచ్చింది. సన్నిబాబు తలుపు పక్కనే ఉన్నాడు. నర్సమ్మ వెనకే ఉంది. అది దాలయ్య గొంతే. ముత్యాలు తిప్పింది.

"ఇది కాదు."

అటు తిప్పింది.

"ఇదీ కాదు."

మూడోసారి తిప్పింది. ఎడమ చక్రం దగ్గర రేకు మీద ఎవరో వేలితో కొట్టినట్టు టక్, టక్, టక్.

"ఇదే!"

నర్సమ్మ మెడలో సిలువ పట్టుకుంది. సన్నిబాబు వంగి చూశాడు. కింద ఎవరూ లేరు. ఎడమ కీలు మీద మట్టి మాత్రం అరచెయ్యి మేర తుడుచుకుపోయి ఉంది. అతను కీలు పట్టి ఊపాడు. గుండు గిన్నెలో ఆడినట్టు ఆడింది. ఇంకో రెండు మలుపులకి ఊడి వచ్చేదే.

ముత్యాలు దిగి షెడ్డు తలుపు తీసింది. గోడకి వేలాడే కీళ్లలో సరిపడేది ఏదో చూసి తెచ్చింది. ఇద్దరూ కలిసి జాకీ పెట్టి బండి ఎత్తారు. పాత కీలు పదకొండు చుట్లకి ఊడింది. చక్రం వంకరపోకుండా కొత్తది కూడా పదకొండు చుట్లే ఎక్కించి నట్టు బిగించారు. బండి దింపారు. ఇంక నట్టు కదలకుండా పిన్ను దూర్చి వంచడమే మిగిలింది. ముత్యాలు పిన్ను పట్టుకుని కిందికి దూరింది. దాలయ్య పడుకునేచోటే వెల్లకిలా పడుకుంది. ఆఖరుసారి చూద్దామని కీలు మీద అరచెయ్యి వేసింది.

"బాబూ, ఇటు కొంచెం."

స్టీరింగ్ తిరిగింది. కీలు గట్టిగా ఉంది.

"అటు కొంచెం."

తిరిగింది. ముత్యాలు పక్కకి చూసింది. కారు బయట సన్నిబాబు కాళ్లున్నాయి. వాటి పక్కన నర్సమ్మ కాళ్లున్నాయి. నాలుగూ నేలమీదే ఉన్నాయి.

"మావా," అంది ముత్యాలు.

స్టీరింగ్ కొంచెం ఇటు తిరిగింది.

"మావా, నువ్వేనా?"

స్టీరింగ్ కొంచెం అటు తిరిగింది.

పిన్ను ఆమె చేతిలోనే ఉంది. వంచేస్తే పని అయిపోతుంది. పని అయిపోతే అతనింక ఎందుకుంటాడు? ముత్యాలు కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "ఇటు కొంచెం," అంది. "అటు కొంచెం," అంది. మళ్లీ "ఇటు కొంచెం," అంది. ప్రతిసారీ తిరిగింది, విసుక్కోకుండా.

"తల్లీ," అంది బయటనుంచి నర్సమ్మ. "అక్కడ బిడ్డ ఆగడమ్మా."

ముత్యాలు కళ్లు మూసుకుంది. పిన్ను దూర్చింది. రెండు కొసలూ వంచింది.

"వెళ్లు మావా," అంది.

పైన సీటు స్ప్రింగు కిర్రుమంది, ఎవరో లేచినట్టు.

కారు మబ్బులోకి వెళ్లింది. ఇరవై ఒక్క మలుపులూ ఎక్కింది. తల్లీ బిడ్డా బతికారు. ముత్యాలు మర్నాటినుంచి షెడ్డు తెరిచింది. బతికినన్నాళ్లూ తన అరచేత్తోనే కీళ్లు చూసింది. పైన ఎవరో ఒక డ్రైవరు తిప్పేవాడు. ఆ గొంతు మాత్రం ఆమెకి మళ్లీ వినపడలేదు.

ఇప్పుడక్కడ షెడ్డు లేదు. పిట్టగోడ వచ్చింది, బండ్లు మారాయి. అయినా ఘాటీ ఎక్కేముందు డ్రైవర్లు అక్కడ ఆగుతారు. ఇంజను ఆపి అందరూ దిగుతారు. సీటు ఖాళీగా వదిలి, తలుపు తీసి ఉంచి, "దాలయ్యా, ఓసారి చూడు" అంటారు. పిల్లలు మాట్లాడబోతే నోరు మూస్తారు. స్టీరింగ్ ఊరికే ఉంటే ఎక్కి బయల్దేరతారు.

కాస్త కదిలితే ఆ బండిని ఘాటీ ఎక్కించరు. మెల్లిగా సామాన్లు దింపుకుంటారు.